టెంప్ ఫైల్ పేరు దగ్గర కొట్లాట: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల శీర్షికలో ఒకే రకం ప్రశ్నలన్నీ కలిపి వేస్తున్నాం. డేటాబేస్ చుట్టూ తిరిగే రెండు ప్రాసెస్‌లు (నడుస్తున్న ప్రోగ్రాములు) ఒకే టైమ్‌కి ఒకే పేరుతో టెంపరరీ ఫైల్ తెరిస్తే వచ్చే తంటా ఇది, ఒక్కొక్కరికి ఒక్కో వేషంలో కనబడింది, షెల్ స్క్రిప్ట్ వాళ్ళకి ఒకలా, డాకర్ వాళ్ళకి ఇంకోలా, ఒరాకిల్ వాళ్ళకి మరోలా. పొడుగ్గా ఉన్న ఉత్తరాలు కాస్త కుదించాం, కంపెనీల పేర్లు తీసేశాం.

ప్రశ్న: మా దగ్గర రాత్రి పూట ఒక షెల్ స్క్రిప్ట్ నడుస్తుందండి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోంచి బ్రాంచ్‌ల వారీగా డేటా తీసి సీఎస్‌వీ చేసి రిపోర్టింగ్ సర్వర్‌లో లోడ్ చేస్తుంది. ఇంతకుముందు ఒక బ్రాంచ్ అయ్యాక ఇంకోటి చేసేవాళ్ళం, పొద్దున్నకి అవ్వట్లేదని లూప్ లోపలి పనిని బ్రాకెట్లలో పెట్టి చివర యాంపర్‌సాండ్ కొట్టి నాలుగేసి బ్రాంచ్‌లు ఒకేసారి వదులుతున్నాం. అప్పట్నుంచి కొన్ని రోజులు ఒక బ్రాంచ్ ఫైల్లో ఇంకో బ్రాంచ్ లైన్లు వస్తున్నాయి, కొన్ని రోజులు లోడ్ దగ్గర యూటీఎఫ్-8కి పనికిరాని బైట్ 0x00 వచ్చిందని ఎర్రర్ కొడుతోంది. ఫైల్ పేరులో డాలర్ డాలర్ పెట్టాం కదా, అది ప్రాసెస్ నంబరే కదా, మరి ఎందుకు కలుస్తున్నాయి? (విజయవాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: డాలర్ డాలర్ అంటే ప్రాసెస్ నంబరే, కాదనట్లేదు, కానీ ఎవరి నంబర్ అన్నది చూడాలి. బ్రాకెట్లలో పెట్టి వెనక్కి వదిలినప్పుడు షెల్ ఒక పిల్ల షెల్‌ని పుట్టిస్తుంది, ఆ పిల్లకి లైనక్స్ కొత్త నంబర్ ఇస్తుంది, అయినా డాలర్ డాలర్ మాత్రం తల్లి షెల్ నంబరే చూపిస్తుంది. ఇది బగ్ కాదు, మొదట్నుంచీ రూలే అంత. అంటే తల్లి నంబర్ 4312 అనుకుంటే మీ నాలుగు బ్రాంచ్‌లూ లోడ్_4312.సీఎస్‌వీ అనే ఒకే ఫైల్‌లోకి రాస్తున్నాయి. వరసగా నడిపినన్నాళ్ళూ ఒకటి అయ్యాకే ఇంకోటి వచ్చేది కాబట్టి బయటపడలేదు.

ఇప్పుడు ఆ 0x00 సంగతి. దీన్ని చాలామంది డేటా చెడిపోయింది అనుకుని సోర్స్ టేబుల్‌లో వెతుకుతూ కూర్చుంటారు. జరిగేదేంటంటే, మొదటి ప్రాసెస్ ఫైల్ తెరిచి ఓ 8 ఎంబీ రాసిందనుకోండి, ఇంతలో రెండోది అదే ఫైల్‌ని ఒంటి బాణం గుర్తుతో తెరిచింది, ఆ గుర్తుకి అర్థం ఉన్నది మొత్తం తుడిచి సున్నా నుంచి మొదలుపెట్టమని. ఫైల్ ఖాళీ అయింది, కానీ మొదటి ప్రాసెస్‌కి ఆ సంగతి తెలీదు, తను ఎక్కడిదాకా రాసిందో ఆ గుర్తు తన దగ్గర వేరేగా ఉంటుంది, అది నింపాదిగా 8 ఎంబీ తర్వాత నుంచి రాసుకుంటూ పోతుంది. మధ్యలో ఎవరూ రాయని ఖాళీ ఉంటుంది చూడండి, దాన్ని చదివితే లైనక్స్ సున్నా బైట్లు ఇస్తుంది. ఆ సున్నాలనే పోస్ట్‌గ్రెస్ కాపీ కమాండ్ పట్టుకుని తిట్టింది. నిజానికి ఎర్రర్ వచ్చిన రోజులు మీ అదృష్టం బాగున్న రోజులు. రెండో ప్రాసెస్ రాసుకుంటూ వచ్చి ఆ ఖాళీని సరిగ్గా నింపేసిన రోజున ఎర్రర్ ఉండదు, ఏమీ ఉండదు, ఒక బ్రాంచ్ లెక్కలు ఇంకో బ్రాంచ్‌లో కూర్చుంటాయి, ఎవరో మేనేజర్ అడిగేదాకా తెలీదు. రెండు బాణాలు పెట్టి అపెండ్ చేస్తే సరిపోతుందా అంటే సున్నాలు రావు గానీ లైన్లు మాత్రం ఇంకా శుభ్రంగా కలిసిపోతాయి, అది ఇంకా ప్రమాదం.

బాష్ 4 నుంచి బాష్‌పిడ్ అని ఒక వేరియబుల్ ఉంది, అది పిల్ల షెల్ సొంత నంబర్ ఇస్తుంది, దాంతో ఇవాళ్టికి గండం గడుస్తుంది. నేనైతే ఫైల్ పేర్లలో నంబర్లు అతికించే పద్ధతే మానేయమంటాను. స్క్రిప్ట్ మొదట్లో ఎమ్‌కెటెంప్ కమాండ్‌ని మైనస్ డి తో పిలవండి, అది ఎవరికీ లేని పేరుతో ఒక డైరెక్టరీ చేసి ఇస్తుంది, పర్మిషన్ 700, అంటే మీ యూజర్ తప్ప ఇంకెవరూ తొంగిచూడలేరు. దాని లోపల బ్రాంచ్ కోడ్ పేరుతో మామూలుగా ఫైల్స్ పెట్టుకోండి, గుంటూరు బ్రాంచ్‌కి గుంటూరు కోడ్, తెనాలికి తెనాలి కోడ్, ఏదైనా తేడా వస్తే తెరిచి చూడ్డానికి కూడా పేరు చూడగానే తెలుస్తుంది. స్క్రిప్ట్ ఎలా ముగిసినా డైరెక్టరీ ఎగిరిపోయేలా ట్రాప్ కమాండ్ పెట్టి ఎగ్జిట్‌కి తగిలించండి. ఇంకోటి, నిన్నటి రన్ అవ్వకుండానే ఇవాళ్టి క్రాన్ (టైమ్‌కి పని మొదలుపెట్టే షెడ్యూలర్) మొదలైతే డైరెక్టరీలు వేరైనా లోడ్ దగ్గర రెండూ గుద్దుకుంటాయి, దానికి ఎఫ్‌లాక్ కమాండ్ మైనస్ ఎన్ తో వాడండి, పాతది ఇంకా నడుస్తుంటే కొత్తది మారు మాట్లాడకుండా వెళ్ళిపోతుంది.

సీఎస్‌వీని ఇంకో ప్రోగ్రాం ఎత్తుకుపోయే ఫోల్డర్‌లో పెట్టాలంటే నేరుగా అక్కడ రాయకండి, అదే డిస్క్ మీద వేరే పేరుతో రాసి, పూర్తయ్యాక ఎంవీతో పేరు మార్చండి. ఒకే ఫైల్‌సిస్టమ్ లోపల పేరు మార్పు ఒక్క దెబ్బలో జరుగుతుంది, చదివేవాడికి పాతదైనా కనిపిస్తుంది లేదా మొత్తం కొత్తదైనా కనిపిస్తుంది, సగం ఫైల్ కనపడదు. స్లాష్ టెంప్ (లైనక్స్‌లో అందరూ టెంపరరీ ఫైల్స్ పెట్టుకునే ఫోల్డర్) వేరే డిస్క్ మీద ఉంటే మాత్రం ఎంవీ చేసేది కాపీ కొట్టి పాతది చెరపడమే, ఆ గ్యారంటీ పోతుంది.

ప్రశ్న: నేను పైథాన్‌లో రాస్తానండి. ఫైల్ ఉందా అని ముందు చెక్ చేసి, లేకపోతేనే ఆ పేరుతో క్రియేట్ చేస్తున్నాను. ఎనిమిది వర్కర్లు నడుస్తాయి. నెలకోసారి అయినా ఇద్దరు ఒకే ఫైల్ పట్టుకుంటున్నారు. చెక్ చేశాక కూడా ఎలా? (మాదాపూర్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: చెక్ చేయడానికి క్రియేట్ చేయడానికి మధ్య సందు ఉంది కదమ్మా, ఆ సందులోనే దూరుతున్నారు. ఇద్దరు వర్కర్లు ఒకేసారి అడుగుతారు, ఇద్దరికీ లేదు అనే జవాబు వస్తుంది, ఇద్దరూ క్రియేట్ చేస్తారు. చెక్కులు ఇంకో నాలుగు పెంచినా సందు చిన్నదవుతుందేమో గానీ మూసుకోదు. అడగడం, చేయడం రెండూ ఒకే పని అయిపోవాలి, ఆ పని కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) చేతిలో ఉండాలి. ఫైల్ తెరిచేటప్పుడు ఓ_క్రియేట్‌తో పాటు ఓ_ఎక్స్‌క్ల్ అనే ఫ్లాగ్ ఇస్తే, ఆ పేరు అప్పటికే ఉంటే కెర్నల్ తెరవనే తెరవదు, ఎర్రర్ ఇస్తుంది. ఇద్దరు ఒకే క్షణంలో వచ్చినా ఒకడికే దొరుకుతుంది, రెండోవాడు వేరే పేరు చూసుకోవాలి. పైథాన్ 3.3 నుంచి ఓపెన్ ఫంక్షన్‌లో మోడ్ దగ్గర ఎక్స్ అని ఇస్తే జరిగేది ఇదే.

అసలు ఇదంతా మీరు రాయక్కర్లేదు, టెంప్‌ఫైల్ మాడ్యూల్‌లో ఎమ్‌కెఎస్‌టెంప్ ఉంది, నేమ్డ్‌టెంపరరీఫైల్ ఉంది. ఎమ్‌కెటెంప్ అని కూడా ఒక ఫంక్షన్ ఉంది పక్కనే, అది వాడకండి, అది పేరు మాత్రం ఇచ్చి చేతులు దులుపుకుంటుంది, ఫైల్ తెరవదు, పైథాన్ 2.3 నుంచే దాన్ని వద్దంటున్నారు. పైన షెల్ ప్రశ్నలో చెప్పిన ఎమ్‌కెటెంప్ కమాండ్ వేరు, అది ఫైల్ గానీ డైరెక్టరీ గానీ నిజంగా క్రియేట్ చేసి మరీ ఇస్తుంది. పేరు ఒకటే, గుణాలు వేరు, ఏం చేస్తాం.

సీలో కూడా ఎమ్‌కెటెంప్ కథ ఇంతే. పాత 4.3 బీఎస్‌డీ కాలంలో అది మనం పేరు చివర రాసి ఇచ్చే ఆరు ఎక్స్‌ల స్థానంలో ప్రాసెస్ నంబర్, ఒక ఇంగ్లీషు అక్షరం పెట్టేది, అంటే ఒక ప్రాసెస్‌కి మొత్తం 26 పేర్లు, అంతకు మించి లేవు. యూనిక్స్ తరహా సిస్టమ్‌లకి ఉమ్మడి స్టాండర్డ్ అయిన పోసిక్స్‌లోంచి 2008లో దాన్ని తీసేశారు. ఇప్పటి గ్లిబ్‌సీలో (లైనక్స్‌లో వాడే సీ లైబ్రరీ) ఎమ్‌కెఎస్‌టెంప్ ఆ ఆరు చోట్లా చిన్నక్షరాలు పెద్దక్షరాలు అంకెలు కలిపి 62 గుర్తుల్లోంచి తీసుకుంటుంది, 5,600 కోట్లకి పైగా పేర్లు. అయినా దాని బలం అంకెల్లో లేదు, ఓ_ఎక్స్‌క్ల్ తో తెరవడంలో ఉంది, గుద్దుకుంటే తనే వేరే పేరుతో మళ్ళీ ప్రయత్నిస్తుంది. విండోస్ సర్వర్ మీద ఉన్నవాళ్ళకి ఒక మాట, అక్కడి గెట్‌టెంప్‌ఫైల్‌నేమ్ ఒక ప్రిఫిక్స్‌కి ఒక డైరెక్టరీలో 65,535 పేర్లే ఇవ్వగలదు, పాతవి చెరపకుండా వదిలేస్తే ఒకరోజు పేర్లు అయిపోయి అప్లికేషన్ ఆగిపోతుంది, ముందు దాని స్పీడు తగ్గుతుంది, ఎందుకో ఎవరికీ అర్థం కాదు.

ప్రశ్న: పేరులో టైమ్ స్టాంప్ పెడితే చాలు కదా సార్? (కర్నూలు)

జవాబు: చాలదు. సెకన్ల దాకా పెడితే ఒకే సెకన్‌లో ఇద్దరు మొదలవ్వచ్చు, క్రాన్ జాబులన్నీ సరిగ్గా నిమిషం మొదట్లోనే లేస్తాయి కాబట్టి అది జరగడం పెద్ద వింత కూడా కాదు. లాగ్ చూసుకోడానికి టైమ్ పెట్టుకోండి, మంచిదే, యూనిక్‌గా ఉండటానికి దాన్ని నమ్మకండి.

ప్రశ్న: మనం ఇన్ని తిప్పలు పడుతున్నాం, మరి పోస్ట్‌గ్రెస్ తన టెంప్ ఫైల్స్‌కి పేర్లు ఎలా పెట్టుకుంటుంది? వందల కనెక్షన్లు ఒకేసారి సార్ట్ చేస్తుంటాయి కదా. (హైదరాబాద్ నుంచి ఒక డీబీఏ)

జవాబు: అడగాల్సిన ప్రశ్న ఇది. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి కనెక్షన్‌కి ఒక వేరే ప్రాసెస్ ఉంటుంది. సార్టో హ్యాషో వర్క్_మెమ్ (ఆ పనికి ఇచ్చిన మెమరీ హద్దు) దాటితే, డిఫాల్ట్ 4 ఎంబీయే కాబట్టి తరచుగా దాటుతుంది, డేటా డైరెక్టరీలో బేస్ కింద పీజీఎస్‌క్యూఎల్_టెంప్ అనే ఫోల్డర్‌లోకి ఒలికిస్తుంది. ఫైల్ పేరు పీజీఎస్‌క్యూఎల్_టెంప్4312.0 లాగా ఉంటుంది, 4312 అన్నది ఆ ప్రాసెస్ నంబర్, చుక్క తర్వాతది ఆ ప్రాసెస్ తన లోపల పెంచుకునే లెక్క, ఒకటి తెరిస్తే 0, తర్వాత 1, అలా.

తమాషా ఏంటంటే ఇక్కడ ఓ_ఎక్స్‌క్ల్ వాడరు. పైన పాఠకురాలికి అంత గట్టిగా చెప్పి ఇక్కడ ఇలా అంటారేంటి అనకండి, వాళ్ళు కావాలనే మానేశారు, సోర్స్ కోడ్‌లో కామెంట్ కూడా ఉంది: పాత క్రాష్‌లో మిగిలిపోయిన అనాథ ఫైల్ అదే పేరుతో ఉంటే దాన్నే ఖాళీ చేసి వాడుకోవచ్చు అని. లైనక్స్‌లో ప్రాసెస్ నంబర్లు తిరిగి తిరిగి మళ్ళీ వస్తాయి, పాత లెక్కలో 32,768 దాకా వెళ్ళి వెనక్కొచ్చేది, ఇప్పుడు 64 బిట్ మెషీన్లలో 41,94,304 దాకా పెట్టొచ్చు, ఎంతైనా తిరగడం తిరగడమే. కాబట్టి పాత 4312 చచ్చిపోయి ఫైల్ వదిలేసి, మళ్ళీ కొత్త 4312 పుడితే పేరు గుద్దుకోవడం ఖాయం, కానీ అప్పటికి పాత యజమాని లేడు కాబట్టి దాన్ని తుడిచి వాడుకుంటే నష్టం లేదు. బతికున్న ఇద్దరికి ఒకే నంబర్ ఉండదు, ఆ ఫోల్డర్‌లో రాసేది ఈ ఒక్క సర్వర్ పిల్లలే, ఇంకెవరూ కాదు. ఈ రెండో ముక్క వల్లే ఆ పద్ధతి చెల్లుతోంది.

పేరు ఎంతమందిలో యూనిక్‌గా ఉండాలి అంటే ఆ డైరెక్టరీలో రాసే వాళ్ళందరిలో, ఈ ఉత్తరాలన్నిటికీ నా దగ్గరున్న జవాబు నిజానికి ఇదొక్కటే. పోస్ట్‌గ్రెస్ డైరెక్టరీని తన కంట్రోల్‌లో పెట్టుకుని అప్పుడు సులువైన పేర్లు పెట్టుకుంది. మనం స్లాష్ టెంప్ లాంటి ఊరుమ్మడి చోట ఉండి అవే సులువైన పేర్లు పెడుతున్నాం.

ఒకే క్వెరీని చాలా ప్రాసెస్‌లు పంచుకునే పారలల్ క్వెరీలో మాత్రం ఒక ప్రాసెస్ రాసింది ఇంకోటి చదవాలి కాబట్టి లీడర్ (వాటిని నడిపించే ప్రాసెస్) నంబర్‌తో ఒక సబ్ డైరెక్టరీ చేసి అందులో పెట్టుకుంటారు. టెంపరరీ టేబుల్స్ దారి వేరు, వాటి ఫైల్స్ టీ3_16402 లాగా ఉంటాయి, 3 అన్నది బ్యాకెండ్‌కి (ఒక కనెక్షన్‌ని చూసుకునే ప్రాసెస్‌కి) పోస్ట్‌గ్రెస్ ఇచ్చుకునే నంబర్, రెండోది ఫైల్ నంబర్.

ప్రశ్న: ఒకే మెషీన్ మీద రెండు మరియాడీబీ కంటైనర్లు నడుపుతున్నాం. డిస్క్ మిగుల్తుందని ఒకే పెద్ద ఎస్ఎస్‌డీ ఫోల్డర్‌ని రెండిటికీ టెంప్‌డిర్‌గా (టెంప్ ఫైల్స్ పెట్టుకునే ఫోల్డర్‌గా) మౌంట్ చేశాం. లోడ్ పెరిగినప్పుడు టెంప్ టేబుల్ ఇండెక్స్ కరప్ట్ అయింది, రిపేర్ చేయండి అని వస్తుంది, తీరా చూస్తే డిస్క్ బాగానే ఉంది, ఖాళీ కూడా ఉంది. ఆ ఫైల్ పేరులో ఎప్పుడూ 1 అనే అంకె కనబడుతోంది. (బెంగళూరు నుంచి ఒక తెలుగు పాఠకుడు)

జవాబు: జబ్బు పేరు మీరే చెప్పేశారు, ఆ 1 దగ్గరే ఉంది. మరియాడీబీ డిస్క్ మీద పెట్టే ఇంటర్నల్ టెంప్ టేబుల్ పేరు హ్యాష్ గుర్తుతో మొదలై ఎస్‌క్యూఎల్-టెంప్‌టేబుల్ అని, తర్వాత ప్రాసెస్ నంబర్, తర్వాత కనెక్షన్ నంబర్, తర్వాత ఒక లెక్క, ఇలా ఉంటుంది. కనెక్షన్లన్నీ ఒకే ప్రాసెస్ లోపలి థ్రెడ్లు కాబట్టి కనెక్షన్ నంబర్ కూడా కలిపారు, బాగానే ఆలోచించారు. కానీ కంటైనర్ (ప్రోగ్రాంని మిగతావాటి నుంచి వేరు చేసి నడిపే గది లాంటిది) లోపల మెయిన్ ప్రాసెస్ నంబర్ ఎప్పుడూ 1. 2008లో లైనక్స్ 2.6.24తో పిడ్ నేమ్‌స్పేస్ (ప్రాసెస్ నంబర్లకి విడి లెక్క) వచ్చినప్పటి నుంచి ప్రతి నేమ్‌స్పేస్‌లోనూ లెక్క మళ్ళీ ఒకటి నుంచే మొదలు. రెండు కంటైనర్లలోనూ ప్రాసెస్ 1, కనెక్షన్ నంబర్లు రెండిట్లోనూ చిన్న అంకెల నుంచి పెరుగుతాయి, ఇక గుద్దుకోక ఏం చేస్తాయి. గుడి దగ్గర రెండు చెప్పుల స్టాండ్లు ఉండి రెండూ 1వ నంబర్ టోకెన్ నుంచి మొదలుపెట్టి, చెప్పులు మాత్రం ఒకే అరలో పెట్టినట్టు ఉంది మీ ఏర్పాటు.

టెంప్‌డిర్ రెండిటికీ వేరు చేయండి, అదే ఎస్ఎస్‌డీ మీద రెండు సబ్ ఫోల్డర్లు చేసి ఒక్కోదానికి ఒక్కోటి మౌంట్ చేస్తే సరిపోతుంది, డిస్క్ ఏమీ ఎక్కువ పోదు. మైఎస్‌క్యూఎల్ మాన్యువల్‌లో కూడా ఒకే మెషీన్ మీద ఎక్కువ సర్వర్లు నడిపేవాళ్ళని టెంప్‌డిర్ వేర్వేరుగా పెట్టుకోమని సలహా ఉంది, ఏ ఫైల్ ఏ సర్వర్‌దో కనుక్కోడం తేలిక అని కారణం చెప్పారు. కంటైనర్లని నడిపించే కుబర్నెటీస్‌లో అయితే హోస్ట్ ఫోల్డర్ మౌంట్ చేయకుండా ఎంప్టీడిర్ వాడండి, పాడ్‌కి (కలిసి నడిచే కంటైనర్ల గుంపుకి) ఒకటి దానంతటదే వస్తుంది.

ఇదే మెషీన్ మీద పోస్ట్‌గ్రెస్ కంటైనర్లు కూడా ఉంటే ఇంకా జాగ్రత్త. పోస్ట్‌గ్రెస్ డేటా డైరెక్టరీలో పోస్ట్‌మాస్టర్.పిడ్ అని ఒక లాక్ ఫైల్ పెడుతుంది, రెండో సర్వర్ అదే డైరెక్టరీ మీద లేవకుండా. లేచేటప్పుడు ఆ ఫైల్‌లో ఉన్న నంబర్ తన నంబరే అయితే పాత క్రాష్‌లో మిగిలిందిలే అనుకుంటుంది. రెండు కంటైనర్లలోనూ పోస్ట్‌గ్రెస్ నంబర్ 1 అయితే ఏమవుతుందో చూడండి, బతికున్న సర్వర్ లాక్‌ని చచ్చినవాడి లాక్ అనుకుని తీసేస్తుంది. షేర్డ్ మెమరీ చూసి పట్టుకునే రెండో కాపలా ఒకటి ఉంది గానీ కంటైనర్లకి ఐపీసీ నేమ్‌స్పేస్ (షేర్డ్ మెమరీ లాంటివి విడిగా ఉంచే ఏర్పాటు) కూడా వేరు కాబట్టి అదీ పనిచేయదు. అక్కడ పోయేది టెంప్ టేబుల్ కాదు, మొత్తం డేటాబేస్. ఒక డేటా వాల్యూమ్‌ని రెండు కంటైనర్లకి ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వొద్దు, టెస్టింగ్‌కి అయినా సరే.

ప్రశ్న: ఒరాకిల్ ఎక్స్‌టర్నల్ టేబుల్‌ని (బయటి ఫైల్‌నే టేబుల్‌లా చదివేది) పారలల్‌గా చదువుతున్నాం. బ్యాడ్ ఫైల్‌లో రిజెక్ట్ అయిన రికార్డులు కొన్నే కనబడుతున్నాయి, లైన్లు మధ్యలో తెగి ఉంటున్నాయి. (విశాఖపట్నం)

జవాబు: బ్యాడ్ ఫైల్‌కి మీరు ఒకే పేరు గట్టిగా రాసేసి ఉంటారు. పారలల్ అంటే చదివే వాళ్ళు చాలామంది, అందరూ రిజెక్టులు ఒకే ఫైల్‌లో రాస్తారు. యాక్సెస్ పారామీటర్స్‌లో బ్యాడ్‌ఫైల్, లాగ్‌ఫైల్, డిస్కార్డ్‌ఫైల్ పేర్లలో పర్సెంట్ పీ పెడితే ఒరాకిల్ అక్కడ ప్రాసెస్ నంబర్ వేస్తుంది, పర్సెంట్ ఏ పెడితే మూడంకెల ఏజెంట్ నంబర్ వేస్తుంది. ఇవి లేకుండా పారలల్‌గా చదివితే అవుట్‌పుట్ ఫైల్స్ చెడిపోవచ్చని ఒరాకిల్ డాక్యుమెంట్‌లోనే రాసుంది. అసలు పేరే ఇవ్వకపోతే టేబుల్ పేరు, ప్రాసెస్ నంబర్ కలిపి తనే పెట్టుకుంటుంది, అంటే తెలివిగా సొంత పేరు పెట్టినవాళ్ళకే ఈ తిప్పలు. ఒరాకిల్ ఎక్స్‌పోర్ట్ టూల్ డేటా పంప్‌లో పారలల్ ఎక్స్‌పోర్ట్‌కి పర్సెంట్ యూ ఉన్నది కూడా ఇందుకే, అక్కడ మాత్రం డంప్ ఫైల్ అప్పటికే ఉంటే ఓఆర్ఏ-27038 అని ఆగిపోతుంది, రీయూజ్_డంప్‌ఫైల్స్ యెస్ (అవును) అని ఇస్తేనే మీద రాస్తుంది. ఆ ఎర్రర్ విసుగ్గా ఉందని అన్ని స్క్రిప్టుల్లోనూ యెస్ పెట్టేసేవాళ్ళు ఉన్నారు, ఆగిపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ప్రశ్న: ఫోర్క్ చేసిన వర్కర్లలో ర్యాండమ్ పేర్లు కూడా ఒకటే వస్తాయని ఎవరో అన్నారు. ర్యాండమ్ అయితే ఒకటే ఎలా వస్తుంది? (వరంగల్, ఇంజనీరింగ్ విద్యార్థి)

జవాబు: వస్తుంది బాబూ, ఎందుకంటే కంప్యూటర్ ర్యాండమ్ అంటే ఒక మొదటి అంకె నుంచి లెక్క కట్టుకుంటూ పోవడం. ఫోర్క్ చేస్తే, అంటే ఒక ప్రాసెస్ తన కాపీని పుట్టిస్తే, తల్లి మెమరీ మొత్తం పిల్లలకి కాపీ అవుతుంది, ఆ లెక్క ఎక్కడున్నదీ దాంతోపాటే కాపీ అవుతుంది, ఇక ఇద్దరు పిల్లలూ అడిగే తర్వాతి ర్యాండమ్ అంకె ఒకటే. సీక్వలైట్ అనే చిన్న డేటాబేస్ దీన్ని ఎదుర్కోడానికి ఫైల్ తెరిచే ప్రతిసారీ ప్రాసెస్ నంబర్ మారిందా అని చూసి, మారితే ర్యాండమ్‌ని మళ్ళీ మొదట్నుంచి కొత్తగా కదిలిస్తుంది. పైథాన్ టెంప్‌ఫైల్ కూడా అదే చేస్తుంది. మీరు సొంతంగా ర్యాండమ్ మాడ్యూల్‌తో పేర్లు తయారుచేసే కోడ్ రాస్తే ఆ జాగ్రత్త మీ మీద పడుతుంది, అందుకే రాయొద్దనేది.

సీక్వలైట్ మాట వచ్చింది కాబట్టి, దాని టెంప్ ఫైల్స్ పేర్లు ఎటిల్క్స్ అండర్‌స్కోర్ అని మొదలవుతాయి, అది సీక్వలైట్ స్పెల్లింగే వెనక నుంచి. ముందు మామూలుగానే ఉండేదట, మెకాఫీ యాంటీవైరస్ సీక్వలైట్ వాడటం మొదలెట్టాక విండోస్ వాళ్ళ టెంప్ ఫోల్డర్లలో ఆ పేరుతో ఫైల్స్ కనబడి, జనం ఆ పేరు గూగుల్‌లో వెతికి, డెవలపర్ల ఫోన్ నంబర్లు పట్టుకుని అర్ధరాత్రి లేపి తిట్టేవాళ్ళట. ఇది నేను కట్టిన కథ కాదు, 2006 అక్టోబర్ తారీఖుతో వాళ్ళ సోర్స్ కోడ్‌లోనే కామెంట్‌గా ఉంది. లైనక్స్‌లో ఈ ఫైల్స్ మీకు కనబడవు కూడా, తెరవగానే పేరు చెరిపేస్తుంది, తెరిచిన ప్రాసెస్‌కి మాత్రం ఫైల్ ఉంటుంది, మూసేయగానే పోతుంది. డీఎఫ్ కమాండ్ డిస్క్ నిండినట్టు చూపించి, ఫైల్స్ సైజులు కూడే డీయూలో లెక్క తేలకపోతే, తెరిచి ఉన్న ఫైల్స్ చూపించే ఎల్ఎస్‌ఓఎఫ్‌ని ప్లస్ ఎల్1 తో నడిపి చూడండి, ఇలాంటి పేరు లేని ఫైల్స్ బయటపడతాయి.

ప్రశ్న: ఇద్దరు యూజర్లు ఒకే పేరుతో టెంపరరీ టేబుల్ చేస్తే గొడవేనా? (నెల్లూరు)

జవాబు: పోస్ట్‌గ్రెస్‌లో కాదు, ఒక్కో సెషన్‌కి వేరే స్కీమా (టేబుల్స్ పెట్టే విడి అర) ఉంటుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పేరు ముందు ఒక హ్యాష్ గుర్తు అయితే గొడవ కాదు, లోపల పేరు చివర సొంత నంబర్ తగిలించుకుంటుంది, అందుకే ఆ పేరు 116 అక్షరాలు దాటనివ్వదు, రెండు హ్యాష్‌లు పెడితే మాత్రం గ్లోబల్ కాబట్టి రెండోవాడికి ఆ ఆబ్జెక్ట్ ఇప్పటికే ఉంది అని వస్తుంది. స్టోర్డ్ ప్రొసీజర్లలో రెండు హ్యాష్‌లు పెట్టే అలవాటు ఎక్కడ మొదలైందో గానీ చాలా ఆఫీసుల్లో ఉంది, ఒక్కరే టెస్ట్ చేసినప్పుడు బాగానే నడుస్తుంది మరి. ఇక పోస్ట్‌గ్రెస్ ముందు పీజీబౌన్సర్ (కొన్ని కనెక్షన్లని చాలామందికి పంచే ప్రోగ్రాం) పెట్టి ట్రాన్సాక్షన్ మోడ్‌లో వాడుతున్నవాళ్ళకి ఒకరి టెంప్ టేబుల్ ఇంకొకరికి తగలొచ్చు, ఎందుకంటే వెనక సెషన్ ఒకటే, మనుషులు మారుతుంటారు. అక్కడ టేబుల్ చేసేటప్పుడే ఆన్ కమిట్ డ్రాప్ పెట్టండి.

ప్రశ్న: స్క్రిప్ట్‌ని రూట్‌గా (అన్ని హక్కులున్న యూజర్‌గా) నడిపినా స్లాష్ టెంప్‌లో ఉన్న ఫైల్ మీద రాయనివ్వట్లేదు, పర్మిషన్ డినైడ్ అంటోంది. రూట్‌కి కూడానా? (నిజామాబాద్)

జవాబు: రూట్‌కి కూడానే. ఆ ఫైల్ పోస్ట్‌గ్రెస్ యూజర్ పేరు మీద ఉండి ఉంటుంది, ఒకప్పుడు ఎవరో ఆ యూజర్‌తో ఇదే స్క్రిప్ట్ నడిపి ఉంటారు. లైనక్స్ 4.19 నుంచి ప్రొటెక్టెడ్_రెగ్యులర్ అని ఒక సెట్టింగ్ ఉంది, స్లాష్ టెంప్ లాంటి, అందరూ రాయగల స్టిక్కీ డైరెక్టరీలో (ఎవరి ఫైల్ వాళ్ళే చెరపగలిగేది) వేరేవాడి ఫైల్‌ని క్రియేట్ ఫ్లాగ్‌తో తెరవనివ్వదు, షెల్‌లో బాణం గుర్తు పెడితే ఆ ఫ్లాగ్‌తోనే తెరుస్తుంది. ముందుగానే ఆ పేరుతో ఫైల్ పెట్టి ఉచ్చు పన్నేవాళ్ళ కోసం చేసిన ఏర్పాటు ఇది. సెట్టింగ్ ఆపకండి, స్లాష్ టెంప్‌లో ఖాయం పేరుతో ఫైల్ పెట్టడం ఆపండి.

ప్రశ్న: పీజీఎస్‌క్యూఎల్_టెంప్ ఫోల్డర్ 200 జీబీ దాటింది. ప్రొడక్షన్ ఆపలేం. పాతగా కనబడుతున్న ఫైల్స్ ఆర్ఎమ్ కొట్టేయొచ్చా? (డల్లాస్ నుంచి ఒక తెలుగు డీబీఏ)

జవాబు: తొందరపడకండి. చాలామంది అనుకునేది, తెరిచి ఉన్న ఫైల్ చెరిపినా తెరిచినవాడికి ఇబ్బంది లేదు కదా అని. పోస్ట్‌గ్రెస్ దగ్గర అది నిజం కాదు, ఎందుకంటే ఒక ప్రాసెస్ తెరిచి ఉంచే ఫైల్స్‌కి పరిమితి ఉంటుంది, ఎక్కువైతే కొన్నిటిని మధ్యలో మూసి, అవసరమైనప్పుడు పేరు పెట్టి మళ్ళీ తెరుస్తుంది, టెంప్ ఫైల్స్‌నీ అంతే. మీరు చెరిపితే ఆ క్వెరీ గంటల తరబడి నడిచి చివర్లో ఫైల్ లేదని పడిపోతుంది.

ముందు పేరులో ఉన్న ప్రాసెస్ నంబర్లు తీసి పీజీ_స్టాట్_యాక్టివిటీతో (ఇప్పుడున్న సర్వర్ ప్రాసెస్‌ల జాబితా) పోల్చండి. నంబర్ అక్కడ ఉంటే ఆ క్వెరీ నడుస్తోంది, మీరు ఆపాల్సింది క్వెరీని, ఆపితే ఫైల్స్ వాటంతటవే పోతాయి. నంబర్ లేకపోతే అది క్రాష్‌లో మిగిలిన అనాథే, కానీ నంబర్లు తిరిగొస్తాయి కాబట్టి నంబర్ ఉన్నా కొన్ని ఫైల్స్ పాత యజమానివి కావచ్చు, అందుకని ఫైల్ తారీఖుని ఆ ప్రాసెస్ మొదలైన టైమ్‌తో కూడా పోల్చాలి. సర్వర్ రీస్టార్ట్ చేస్తే ఈ లెక్కలేవీ అక్కర్లేదు, లేచేటప్పుడు తనే మొత్తం ఊడ్చేస్తుంది. వెర్షన్ 14కి ముందు ఒక బ్యాకెండ్ క్రాష్ అయి సర్వర్ తనంతట తను కోలుకుంటే మాత్రం ఈ ఫైల్స్ అలాగే వదిలేసేది, డీబగ్గింగ్‌కి పనికొస్తాయని, మీ 200 జీబీ అలా పోగైందేమో చూడండి. 14 నుంచి రిమూవ్_టెంప్_ఫైల్స్_ఆఫ్టర్_క్రాష్ అని సెట్టింగ్ వచ్చింది, డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటుంది.

మళ్ళీ పెరగకుండా లాగ్_టెంప్_ఫైల్స్ సున్నా పెట్టి ఓ వారం చూడండి, ఏ క్వెరీ ఎంత ఒలికిస్తోందో లాగ్‌లో పడుతుంది. ఆ తర్వాత టెంప్_ఫైల్_లిమిట్ పెట్టండి, డిఫాల్ట్ మైనస్ 1, అంటే హద్దు లేదు, ఒక్క ప్రాసెస్ డిస్క్ మొత్తం మింగేయగలదు. వర్క్_మెమ్ పెంచేస్తే పోతుంది కదా అని సర్వర్ మొత్తానికి పెంచకండి, అది కనెక్షన్‌కి కాదు, క్వెరీలో ఒక్కో సార్ట్‌కి, ఒక్కో హ్యాష్‌కి విడివిడిగా వర్తిస్తుంది, ఆ రిపోర్ట్ నడిపే రోల్‌కి మాత్రమే పెంచి చూడండి.